చదవని పేజీ కింద సంతకం వద్దు: బడి కమిటీలో పని చేసే తల్లిదండ్రుల కోసం

నేను తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలినయ్యాక జరిగిన మొదటి సమావేశం పది నిమిషాల్లో ముగిసింది. చంద్రగిరి దాటాక చిత్తూరు వెళ్లే రోడ్డు పక్కన మా ఊరు. పాప అప్పుడు రెండో తరగతి. బడి వరండాలో చాప పరిచారు, టీ ఇచ్చారు, తీర్మానాల పుస్తకం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ నా దగ్గరికి వచ్చింది. పేజీ పై సగం ఖాళీ. కింది సగంలో వరుసగా అంకెలు, అంకె పక్కన సంతకాలు. "పైన తర్వాత రాసుకుంటాంలే అమ్మా" అన్నారు. నాకన్నా ముందు తొమ్మిది మంది చేశారు, నేనూ చేశాను.

రెండు నెలల తర్వాత ఆ పేజీ తిరగేస్తే పై సగంలో "తాగునీటి కుళాయిలు బాగు చేయించినట్లు కమిటీ ధ్రువీకరించడమైనది" అని ఉంది. కుళాయిలు అలాగే ఉన్నాయి. మా పాప ఇంటి నుంచి సీసాలో నీళ్లు మోసుకెళ్తూనే ఉంది. ధ్రువీకరించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరో మోసం చేశారని కాదు. పై ఆఫీసుకు ఆ రోజే నివేదిక పంపాలన్న తొందరలో ఎవరో పాత పుస్తకం చూసి రాసేశారు. కానీ ఆ వాక్యం వల్ల మా కుళాయిల సమస్య కాగితం మీద తీరిపోయింది, తీరిన సమస్యకు డబ్బు రాదు.

ఆ తర్వాత రెండు కాలపరిమితులు కమిటీలో పని చేశాను. నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రభుత్వ బడికి పిల్లలను పంపే ఏ తల్లి, ఏ తండ్రి అయినా దీన్ని పట్టుకుని పని మొదలుపెట్టవచ్చు.

ముందు ఇది తెలుసుకోండి: అధికారం ఎంత

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడి నిర్వహణలో ఊరివాళ్ల పాత్ర గురించి మన ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే, 1998లోనే, సమాజ భాగస్వామ్య చట్టం ఒకటి ఉంది. ఇప్పుడు మనకు ఆధారం మాత్రం విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్. దాని ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో (మనం తల్లిదండ్రుల కమిటీ అనేది దీన్నే) నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. వెనకబడిన, పేద వర్గాల పిల్లల తల్లిదండ్రులకు ఆ పిల్లల సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి.

చట్టం కమిటీకి అప్పగించిన పనులు నాలుగు. బడి ఎలా నడుస్తోందో చూడటం మొదటిది. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి సిఫారసు చేయడం రెండోది. ప్రభుత్వం నుంచి గానీ ఇతరుల నుంచి గానీ వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం మూడోది. నాలుగోది, ప్రభుత్వం నియమాల ద్వారా అప్పగించే ఇతర పనులు. "మాకేం అధికారం ఉందమ్మా, రమ్మంటే వస్తాం" అనే మాట నేను ప్రతి ఊళ్లోనూ విన్నాను. ఆ మాట తప్పు. నిధుల లెక్క అడగడం చట్టం మీకు అప్పగించిన పని. అడగకపోతే మీ పని మీరు చేయనట్టు.

ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ వర్తించదు. మైనారిటీ బడుల్లో, ప్రభుత్వ సాయం తీసుకునే ఇతర (ఎయిడెడ్) బడుల్లో కమిటీది సలహా పాత్ర మాత్రమే.

మొదటి అడుగు: ఎన్నికకు వారం ముందు

మన రాష్ట్రంలో కమిటీ కాలపరిమితి రెండేళ్లు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా ఒకేరోజు ఎన్నికలు జరిగాయి. ఒక్కో తరగతి తల్లిదండ్రులు తమలోంచి ముగ్గురిని ఎన్నుకుంటారు. అంటే ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న ప్రాథమిక పాఠశాలలో పదిహేను మంది. ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి, వెనకబడిన, పేద వర్గాల వారికి చోటు దక్కాలి. తరగతి తల్లిదండ్రుల్లో సగం మంది వస్తేనే కోరం. ఎన్నికైన తల్లిదండ్రులు తమలోంచి అధ్యక్షుణ్ణి, ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ ఉండాలి. ప్రధానోపాధ్యాయులు కన్వీనరుగా ఉంటారు. వార్డు సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త వంటి వారు పదవి రీత్యా వస్తారు.

అసలు కథ ఎన్నిక రోజున నడవదు. ముందు రాత్రి రచ్చబండ దగ్గర నడుస్తుంది. పెద్దమనుషులు నలుగురు కూర్చుని పేర్లు అనుకుంటారు, మరునాడు "ఏకగ్రీవం" అని చప్పట్లు కొడతారు. ఏకగ్రీవం చెడ్డదేమీ కాదు. కానీ ఆ నలుగురి పిల్లలు రోజూ ఉదయం పసుపు బస్సెక్కి వేరే బడికి వెళ్తుంటే, మీ బడి మరుగుదొడ్డి గురించి వాళ్లకు ఏమి పట్టింపు ఉంటుంది? అందుకే వారం ముందే తల్లులు నలుగురైదుగురు కలవండి. రేషన్ దుకాణం దగ్గరో, పొదుపు సంఘం సమావేశంలోనో సరిపోతుంది. తరగతికి ముగ్గురు ఎవరో మీరే అనుకోండి.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: బడి నడిచే వేళల్లో ఊళ్లో ఉండే మనిషేనా? చదువు వచ్చా రాదా అన్నది తర్వాతి మాట. చదువు రానివాళ్లు సభ్యులు కాకూడదని ఏ నియమమూ లేదు. దళితవాడ నుంచి, యానాదుల కాలనీ నుంచి, సుగాలి తండా నుంచి వచ్చే పిల్లలు మీ బడిలో ఉంటే, వాళ్ల అమ్మానాన్నల ఇళ్లకు వెళ్లి పిలవండి. నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే వాళ్లకు కబురు అందదు. ఎన్నిక రోజున వాళ్లు కూలి మానుకుని రావాలి, కాబట్టి రెండు రోజుల ముందే తెలియాలి.

రెండో అడుగు: మొదటి పదిహేను రోజులు కళ్లతో చూడండి

ఎన్నికయ్యాక వెంటనే ప్రశ్నలు మొదలుపెట్టకండి. ప్రధానోపాధ్యాయులతో చెప్పి, వేర్వేరు వేళల్లో ఒక మూడు సార్లు బడికి వెళ్లండి. ఉదయం ప్రార్థన వేళకు ఒకసారి, భోజనం వేళకు ఒకసారి, సాయంత్రం చివరి పీరియడ్‌కు ఒకసారి.

మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళం ఉండేది. తాళంచెవి ప్రధానోపాధ్యాయుల బల్ల సొరుగులో. ఎందుకని అడిగితే నీళ్లు లేవన్నారు. నీళ్లెందుకు లేవంటే పైన ట్యాంకు నిండటం లేదు. ట్యాంకు ఎందుకు నిండటం లేదో ఎవరికీ తెలియదు. మోటారు చెడిపోయిందని ఒకరు, పైపు పూడిపోయిందని ఒకరు అన్నారు. మేము ముగ్గురు తల్లులం ఒకరోజు తెల్లవారుజామున బడి గోడ పక్కన నిలబడ్డాం. పంచాయతీ నీళ్లు ఆరింటికి వదిలి ఏడున్నరకు ఆపేస్తారు. బడికి వచ్చే పైపు మీద వాల్వు గేటు లోపల ఉంది. ఆ వేళకు గేటుకు తాళం. తొమ్మిదింటికి అయ్యవారు వచ్చి వాల్వు తిప్పేసరికి పైపులో గాలి తప్ప ఏమీ ఉండదు. అంతే సమస్య. బడి వెనక వీధిలో ఉండే ఆయమ్మకు గేటు తాళంచెవి ఒకటి ఇచ్చి, ఉదయం ఆరున్నరకు వాల్వు తిప్పమన్నాం. మూడో రోజుకు ట్యాంకు పొర్లింది. పైసా ఖర్చు కాలేదు. అప్పటికి రెండేళ్లుగా ఆ మరుగుదొడ్డికి కొత్త మోటారు కావాలని అర్జీలు పోతున్నాయి.

అందుకే చెబుతున్నాను, "ఎందుకు" అని మూడు సార్లు అడిగే దాకా పరిష్కారం రాయకండి.

చూసేటప్పుడు చట్టం అనుబంధంలో ఉన్న ప్రమాణాలను మనసులో పెట్టుకోండి. ప్రాథమిక స్థాయిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు. ఉపాధ్యాయునికొక గది. బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు. తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ. నడవలేని పిల్లలు లోపలికి రాగలిగే దారి. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. వీటిలో లేనిది ఏదైనా కనబడితే నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. "ప్రహరీ లేదు" అని కాదు, "ఉత్తరం వైపు ప్రహరీ ఇరవై అడుగుల మేర కూలింది, మేకలు వస్తున్నాయి" అని రాయండి.

మూడో అడుగు: సమావేశానికి వేళ కుదర్చండి

చాలా కమిటీలు ఇక్కడే చచ్చిపోతాయి. ఉదయం పదకొండుకు పిలుస్తారు, ఎవరూ రారు, "తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు" అని రాస్తారు. శ్రద్ధ లేక కాదు. మన జిల్లాల్లో జీవితపు గడియారం ఎలా తిరుగుతుందో చూడండి. పాడి ఉన్న ఇంట్లో ఉదయం, సాయంత్రం పాలు పోసే వేళకు ఆడమనిషి కదలదు. సత్యవేడు, వరదయ్యపాలెం వైపు తల్లులు శ్రీసిటీ కంపెనీ బస్సు వేళలకు కట్టుబడి ఉంటారు, వారం మారితే షిఫ్టు మారుతుంది. తిరుపతి చుట్టుపక్కల కొండ మీద అంగళ్లలో, కింద హోటళ్లలో పని చేసేవాళ్లకు పండగ, శని, ఆదివారాలే ఎక్కువ పని. బడి తెరిచేది జూన్‌లో, తోతాపురి కాయ కోతకొచ్చేదీ అప్పుడే. మామిడి కాయ ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరుస కట్టిన వారంలో ఏ తండ్రినీ సమావేశానికి రమ్మనలేం.

మా దగ్గర కుదిరిన వేళ సాయంత్రం బడి వదిలే సమయం. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఎలాగూ తల్లులు వస్తారు, పాలకేంద్రానికి ఇంకా గంట ఉంటుంది. నలభై నిమిషాలు, అంతకు మించి వద్దు. మీ ఊరికి వేరే వేళ కుదరవచ్చు. మొదటి సమావేశంలోనే అందరినీ అడిగి తేల్చుకుని, ఆ వేళనే తీర్మానంగా రాసేయండి. నెలకొక్కసారైనా కూర్చోవాలని, సమావేశ వివరాలు అందరికీ అందుబాటులో ఉంచాలని కేంద్రం తయారు చేసిన నమూనా నియమాలు చెబుతున్నాయి. పెట్టుకోదగిన కొలత అది.

నగరి, సత్యవేడు, కుప్పం ప్రాంతాల్లో ఇంట్లో తమిళం మాట్లాడే తల్లులు చాలామంది. చదివిన ప్రతి తీర్మానాన్నీ వాళ్లకు తమిళంలో చెప్పే మనిషిని పక్కన కూర్చోబెట్టండి. తల ఊపారంటే అర్థమైందని అనుకోకండి.

నాలుగో అడుగు: తీర్మానం రాయడం

మొత్తం పనిలో ఇదే ప్రాణం. పై అధికారి మీ ముఖం చూడడు, మీ తీర్మానం చూస్తాడు. పుస్తకంలో లేనిది జరగనట్టే.

సాధారణంగా మన పుస్తకాల్లో ఇలా ఉంటుంది: "మరుగుదొడ్ల సమస్యపై చర్చించడమైనది. తగు చర్యలు తీసుకోవలెనని తీర్మానించడమైనది." ఈ రెండు వాక్యాల్లో ఎవరు చేయాలో లేదు, ఎప్పటికి చేయాలో లేదు, చేయకపోతే ఏమిటో లేదు. వచ్చే ఏడాది ఇదే వాక్యాన్ని మళ్లీ రాసుకోవచ్చు.

దీన్నే ఇలా రాయండి: "బాలికల మరుగుదొడ్డి తలుపు గడియ విరిగింది. 43 మంది బాలికలు వాడుతున్నారు. ప్రధానోపాధ్యాయులు నిర్వహణ నిధి నుంచి ఈ నెల 14వ తేదీలోపు గడియ వేయించాలి. మూడో తరగతి సభ్యురాలు 15న చూసి, వచ్చే సమావేశంలో చెప్పాలి." ఏమిటి, ఎందరికి, ఎవరు, ఏ డబ్బుతో, ఎప్పటికి, ఎవరు చూస్తారు. ఈ ఆరింటికీ జవాబు ఉంటే అది తీర్మానం, లేకపోతే కబుర్లు.

మా కమిటీలో ఐదో తరగతి పాప తల్లి ఒకామె ఉండేది. వేలిముద్ర. వేరుశనగ కలుపుకు వెళ్లేది, చేతివేళ్లు ఎప్పుడూ మట్టితో నల్లబడి ఉండేవి. ఆమె ఒక పద్ధతి పెట్టింది. పుస్తకం దగ్గరికి రాగానే మూసి ఒళ్లో పెట్టుకుని, "మేడమ్, మొదట్నుంచి ఒకసారి చదవండి, తర్వాత ముద్ర వేస్తాను" అనేది. చదివిస్తూ వేలు పెట్టి లెక్కపెట్టేది, ఎన్ని తీర్మానాలు అనుకున్నాం, ఎన్ని రాశారు అని. ఒకసారి నాలుగు అనుకుంటే మూడే వచ్చాయి. నాలుగోది, వర్షానికి కారే రెండో తరగతి గది సంగతి, రాయడం మరిచిపోయారు. ఆమె బొటనవేలు ఇంకు డబ్బా మీదే ఆగిపోయింది. మేడమ్ నవ్వి, పెన్ను తీసుకుని నాలుగోది రాసింది. అప్పటి నుంచి మా ఊళ్లో చదివి వినిపించనిదే ఎవరూ సంతకం చేయలేదు. చదువు వచ్చిన నేను మొదటిరోజు చేయలేని పని, అక్షరం రాని ఆమె చేసింది.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. చివరి తీర్మానానికీ మొదటి సంతకానికీ మధ్య ఖాళీ ఉంటే అడ్డంగా గీత కొట్టించండి. సంతకం పక్కన తేదీ వేయండి. పేజీని ఫోనులో ఫొటో తీసుకోండి. రానివాళ్ల సంతకం ఇంటికి పంపి పెట్టించడం మాన్పించండి, రాకపోతే రాలేదని ఉండటమే నిజం. ఏదైనా తీర్మానం మీకు నచ్చకపోతే సంతకం మానేసి లేచిపోవద్దు. "ఫలానా అంశంతో ఏకీభవించడం లేదు" అని ఒక్క వాక్యం రాయించి, దాని కింద సంతకం చేయండి. ప్రతి సమావేశాన్నీ పోయిన నెల తీర్మానాలు చదవడంతో మొదలుపెట్టండి. ఆ మొదటి ఐదు నిమిషాల వల్లే పనులు కదులుతాయి.

ఐదో అడుగు: డబ్బు లెక్క

భయపడాల్సింది లేదు, ప్రాథమిక బడికి వచ్చే డబ్బు దారులు కొన్నే. సమగ్ర శిక్ష (కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపే బడుల పథకం) కింద ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు, అంటే బడి నిర్వహణ ఖర్చుల డబ్బు, పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. జాతీయ ప్రమాణం ప్రకారం 30 మంది వరకు 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1000 వరకు 75,000, అంతకు మించితే లక్ష. ఇందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. గ్రంథాలయానికి, ఆటలకు వేరే గ్రాంట్లు ఉన్నాయి. ప్రాథమిక బడికి ఆటలది 5,000. మీ బడికి బంతి లేదంటే ఆ సంగతి అడగవచ్చు.

ఇంకొకటి నేరుగా మీ ఇంటికి సంబంధించింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వ తల్లికి వందనం పథకం కింద బిడ్డకు 15,000 రూపాయలు కేటాయించి, 13,000 తల్లి ఖాతాలో వేశారు. మిగిలిన 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణ కోసం ఉంచారు. ఆ రెండు వేలు మీ బిడ్డ పేరు మీద వచ్చిన డబ్బు. అది ఎక్కడ ఖర్చయిందని అడిగితే ఎవరూ తప్పుపట్టలేరు.

అడిగే తీరు ముఖ్యం. "డబ్బులేం చేశారు?" అంటే ఎదుటి మనిషి బిగుసుకుపోతాడు. "సార్, ఈ ఏడాది ఏ గ్రాంటు ఎంత వచ్చింది, ఎంత మిగిలింది, ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు పెడదామా?" అనండి. నిజాయితీగా పని చేసే ప్రధానోపాధ్యాయులకు ఇది మేలు కూడా. గ్రాంటు ఏడాది చివర్లో వచ్చి మార్చి 31 లోపు ఖర్చు చేయమన్నప్పుడు, సొంత జేబు నుంచి సున్నం కొని తర్వాత బిల్లుల కోసం తిరిగేది వాళ్లే. ఆ సంగతి కూడా తీర్మానంలో రాయండి, పైవాళ్లకు తెలియాలి.

పని జరిగేటప్పుడు చూడటం, జరిగాక బిల్లు చూడటం కంటే వెయ్యి రెట్లు మేలు. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు (ప్రభుత్వ బడులను బాగు చేసే పథకం) పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే నడిచాయి. తాపీపని చేసే తండ్రి ఒకరు కమిటీలో ఉన్న చోట ఇసుక, సిమెంటు పాళ్లు తప్పలేదు. మీ ఊళ్లో కరెంటు పని తెలిసినవాళ్లు, వడ్రంగులు, మేస్త్రీలు ఎవరి పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో రాసి పెట్టుకోండి.

లెక్క ఎంతకీ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నాటిది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. అయితే ఇది చివరి ఆయుధం. మొదటి నెలలోనే బయటికి తీస్తే బడిలో మాటలు ఆగిపోతాయి, నష్టపోయేది పిల్లలు.

ఆరో అడుగు: భోజనం గిన్నె

డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న మధ్యాహ్న బడి భోజనానికి కొలతలు స్పష్టంగా ఉన్నాయి. ప్రాథమిక తరగతుల బిడ్డకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. ఆరు నుంచి ఎనిమిదికి 150 గ్రాములు, 700 కేలరీలు, 20 గ్రాములు. నలభై మంది వచ్చిన రోజు నాలుగు కిలోల బియ్యం ఉడకాలి. హాజరు పలక మీద సంఖ్య, గిన్నెలోకి వెళ్లిన బియ్యం, ఉడికిన గుడ్లు, ఈ మూడూ కలుస్తున్నాయో లేదో నెలలో రెండు సార్లు చెప్పకుండా వెళ్లి చూడండి. వడ్డించే ముందు పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు రుచి చూడాలి, వాళ్లలో ఒకరు ఉపాధ్యాయులు. మిగతా చోట తల్లులు కూర్చోండి. పిల్లలతో పాటు వరుసలో కూర్చుని తింటే పప్పు ఎంత పలచనో ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ వంట ఏజెన్సీ మహిళల మీద గొంతు పెంచే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "అక్కా, మీ బిల్లులు వచ్చాయా?" చాలాసార్లు నెలల తరబడి వచ్చి ఉండవు. అంగడిలో అరువు పెట్టి పప్పు, నూనె తెచ్చి వండుతుంటారు. పప్పు పలచబడిందంటే ఇక అరువు పుట్టడం లేదని అర్థం. బిల్లుల బకాయి గురించి తీర్మానం చేసి మండల విద్యాశాఖాధికారికి పంపండి. మేము అలా చేశాక ఆ అమ్మలే మమ్మల్ని పిలిచి సరుకుల పుస్తకం చూపించారు.

ఏడో అడుగు: చదువు

ప్రహరీ, కుళాయి, కూర చూడటంతో ఆగిపోతే సగం పనే. పిల్లలకు చదవడం వస్తోందా?

దీనికి మీకు పెద్ద చదువు అక్కర్లేదు. నెలకొక సాయంత్రం మీ బిడ్డతో తెలుగు వాచకంలో ఇంకా చెప్పని పాఠం ఒకటి గట్టిగా చదివించండి. చెప్పిన పాఠం కంఠస్థం అయి ఉంటుంది, అది పరీక్ష కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటోందా, పదం పదం చదువుతోందా, వాక్యం అర్థమై గొంతు మారుతోందా, అక్షరం రాని తల్లి చెవికి కూడా ఈ తేడా తెలుస్తుంది. నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే జాతీయ కార్యక్రమం) లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు తప్పు లేకుండా, అర్థంతో చదవగలగాలి. చదివాక "ఏమి జరిగింది అందులో?" అని అడగండి. లెక్కల్లో అంగడికి పంపి చిల్లర తెమ్మంటే చాలు.

కమిటీలో ఈ మాట ఎత్తేటప్పుడు ఏ పిల్లవాడి పేరూ నలుగురిలో చెప్పకండి. "మూడో తరగతిలో సగం మందికి ఒత్తులు రావడం లేదు, ఏమి చేద్దాం?" అని అడగండి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెబుతున్న బడిలో నింద వేయడం తేలిక, దారి వెతకడం కష్టం. డిగ్రీ చదివే ఊరి పిల్లలు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి చదివించే ఏర్పాటు మా దగ్గర ఆరు నెలలు నడిచింది. పరీక్షలు రాగానే వాళ్లు మానేశారు, మళ్లీ మొదలుపెట్టడానికి రెండు సమావేశాలు పట్టింది. అయినా ఆ ఆరు నెలల్లో పదకొండు మంది పిల్లలు కూడబలుక్కోవడం మానేశారు.

ఉపాధ్యాయుల తరఫున కూడా మాట్లాడండి. జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే బోధనేతర పనులకు ఉపాధ్యాయులను పంపకూడదని 27వ సెక్షన్ చెబుతోంది. సార్ ఏ రోజుల్లో బడిలో లేరో, కారణంతో సహా రాసి పెట్టండి. రేపు ఖాళీ పోస్టు గురించి అడగడానికి ఆ కాగితమే పనికొస్తుంది. పిల్లల్ని కొట్టడం మాత్రం 17వ సెక్షన్ ప్రకారం నేరుగా నిషేధం, అందులో సర్దుబాటు లేదు.

ఎనిమిదో అడుగు: మూడేళ్ల ప్రణాళిక

22వ సెక్షన్ ప్రకారం కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. మూడేళ్లకు ఒకటి, అందులో ఏడాదికొక భాగం. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలని నమూనా నియమం, అంటే డిసెంబరు ముగిసేలోపు. చాలా చోట్ల దీన్ని మార్చిలో ఎవరో ఒక్కరే కూర్చుని నింపుతారు. మీరు దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టండి. తరగతివారీగా వచ్చే మూడేళ్లలో ఎందరు చేరతారో మీకంటే ఎవరికీ తెలియదు. అంగన్‌వాడీ కార్యకర్త కమిటీలోనే ఉంటుంది, ఆమె రిజిస్టరు తెరిస్తే లెక్క తేలిపోతుంది. ఆ సంఖ్యను బట్టి టీచర్లు, గదులు.

ఈ అంకె మీ బడి ఉనికికీ ముఖ్యం. 2022లో 117 జీవో కింద 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు, ఎన్నో ఊళ్లలో చిన్నపిల్లలు దూరం నడవాల్సి వచ్చింది. 2025లో ఆ జీవో రద్దయింది. ఇలాంటి మార్పు మళ్లీ ఎప్పుడు వచ్చినా, దారిలో వాగు ఉందా, హైవే దాటాలా, ఎంత దూరం అన్నది మీ పుస్తకంలో ముందే రాసి ఉండాలి.

తొమ్మిదో అడుగు: పైకి వెళ్లాల్సి వస్తే

మెట్లు దాటకండి. మొదట ప్రధానోపాధ్యాయులు, తర్వాత తీర్మానం, ఆ నకలుతో మండల విద్యాశాఖాధికారి, ఆపైన జిల్లా విద్యాశాఖాధికారి. నీళ్లు, చెత్త, వీధి దీపం వంటివి పంచాయతీ పరిధి, వాటికి కార్యదర్శి దగ్గరికి, గ్రామసభకు వెళ్లండి. అక్కడా కదలకపోతే ప్రతి సోమవారం తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీ ఒకే పేజీ, ఒకే సమస్య. వెనక తీర్మానం నకలు, ఫొటో. ఇచ్చాక రసీదు నంబరు తీసుకోకుండా కదలకండి. ఐదుగురు తల్లులు కలిసి వెళ్లండి. ఒక్కరు వెళ్తే అది ఆమె సమస్య అనుకుంటారు.

32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలి, సంతృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు ఉంది. బిడ్డ ప్రమాదంలో ఉన్న సంగతయితే ఈ మెట్లన్నీ పక్కనపెట్టి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి.

పదో అడుగు: మీ బిడ్డ బడి మారే రోజు

పిల్లలు ఐదో తరగతి ముగించి వెళ్లిపోతారు, వాళ్లతో పాటు మీ సభ్యత్వమూ పోతుంది. రెండేళ్లు పోగుచేసుకున్న తెలివంతా ఒక్క రోజులో ఊరికి లేకుండా పోయే ప్రమాదం అప్పుడే. అందుకని ఏప్రిల్‌లో, సెలవుల ముందు, ఒక ఫైలు తయారు చేసి రెండో తరగతి తల్లుల్లో ఒకరికి అప్పగించండి. తీర్మానాల పేజీల నకళ్లు, గ్రాంట్ల కాగితం, అర్జీల రసీదులు, బడి పదకొండు అంకెల యుడైస్ కోడు (ప్రభుత్వ లెక్కల్లో ఆ బడిని గుర్తించే నంబరు), మేస్త్రీల, కరెంటు పనివాళ్ల ఫోను నంబర్లు, ఇంకా మిగిలిపోయిన పనుల జాబితా అందులో ఉండాలి.

నేను ఇచ్చిన ఫైలులో ఆఖరి కాగితం మీద ఇలా ఉంది: "రెండో తరగతి గది కప్పు. అర్జీ ఇచ్చి ఏడు నెలలు. వర్షాకాలం లోపు మళ్లీ సోమవారం వెళ్లాలి. గేటు తాళంచెవి ఆయమ్మ దగ్గర ఉంది, వాల్వు ఆరున్నరకు."